పై చెరువు కబురు
(సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య స్మారక ఉపన్యాసం)



విశ్వేశ్వరయ్యగారి పేరు వినగానే హైదరాబాదు వాళ్లకు గండిపేట, హిమాయత్‌సాగర్ గుర్తొస్తాయి. ఇవాళ ఆయన జయంతి కనుక నేను ఆ జంట జలాశయాల గురించే మాట్లాడతానని మీరు అనుకుని ఉండవచ్చు. వాటికన్నా ముందు ఆయన చేసిన పని ఒకటుంది, అక్కడ మొదలుపెడతాను. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసింది. పదిహేను వేల మంది దాకా పోయారని చెబుతారు. అఫ్జల్‌గంజ్ దగ్గర చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలిస్తే విశ్వేశ్వరయ్యగారు వచ్చారు. నగరంలో కూలిన గోడల దగ్గర ఆయన చూపు ఆగలేదు, నది ఎగువకు పోయింది. వాన ఎక్కడ పడింది, ఎన్ని గంటల్లో ఎంత పడింది, ఆ నీళ్లు దారిలో వేటిని తెంచుకుని వచ్చాయి అని ఆరా తీశారు. శంషాబాదులో ఒక్కరోజులో 12.8 అంగుళాలు, అంటే 32 సెంటీమీటర్లకు పైగా కురిసిందని తేలింది. నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే వాటిలో 221 తెగిపోయాయని తేలింది.

రెండొందల ఇరవై ఒకటి. ఈ అంకెను ఇంజనీరింగ్ చదువుతున్న పిల్లలు గుర్తుపెట్టుకోవాలని నా కోరిక. ఆ రాత్రి మూసీలో నాలుగు లక్షల పాతిక వేల క్యూసెక్కుల నీళ్లు పారాయన్న లెక్కను పుస్తకాలన్నీ రాస్తాయి. అందులో వాన ఎంత, ఊళ్లలో తెగిన కట్టల నీళ్లు ఎంత అని విడదీసి ఆలోచించడం విశ్వేశ్వరయ్యగారి దగ్గర నేర్చుకోవలసిన విద్య. పట్నం మునిగింది ఊళ్ల నీళ్లతో. ఇవాళ నేను చెప్పబోయే దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ సంగతి కూడా అదే.

ఆయన సిఫారసు మీద 1920లో ఉస్మాన్‌సాగర్ (అదే గండిపేట), 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. పడమటి నుంచి వచ్చే మూసీకీ ఈసీకీ అవి కాపలా. 2025 సెప్టెంబరు చివర్లో ఆ రెంటి గేట్లు ఎత్తితే మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌లోకి నీళ్లొచ్చి ప్రయాణికులను తాళ్ల సాయంతో బయటికి తేవలసి వచ్చింది. కాపలా ఉన్నచోటే అలా ఉంది. ఇక మన తూర్పు వైపు చూడండి. మీర్‌పేట, జిల్లెలగూడ, కర్మన్‌ఘాట్, వనస్థలిపురం, హయత్‌నగర్ నీళ్లు దక్షిణం నుంచి వాలుగా దిగి, జంట జలాశయాలు దాటిన ఎంతో దూరానికి మూసీలో కలుస్తాయి. ఆ నీళ్లను ఆపడానికి పైన పెద్ద జలాశయం ఏదీ లేదు. ఉన్నవల్లా చిన్న చెరువులు, కుంటలు. మనకు అవే ఉస్మాన్‌సాగర్, అవే హిమాయత్‌సాగర్.

ఈ చెరువులు విడివిడిగా లేవు. మీర్‌పేట వైపు పెద్దచెరువు, మంత్రాల చెరువు, సంద చెరువు నిండి పొర్లితే ఆ నీళ్లు సరూర్‌నగర్ చెరువుకు వస్తాయి. 1626లో తవ్వించారని చెప్పే సరూర్‌నగర్ చెరువు ఒకప్పుడు 99 ఎకరాలు. దాని అలుగు దాటిన నీళ్లు కోదండరాంనగర్, సీసల బస్తీ, కమలానగర్, చైతన్యపురి మీదుగా మూసీకి పోవాలి. వనస్థలిపురం దగ్గరి కప్రాయి చెరువు, హయత్‌నగర్ బాతుల చెరువు, నాగోలు పక్కనున్న బండ్లగూడ చెరువు, వీటి నీళ్లకు వేరే దారులున్నాయి. ఏ దారైనా చివరికి మూసీకే. కాకతీయుల నాటి నుంచీ తెలంగాణ పల్లెల్లో చెరువులను ఇలా గొలుసుగానే కట్టారు. పై చెరువు మత్తడి దుంకితే కింది చెరువు నిండాలి.

ఉరుముల వాన ఈ గొలుసును ఎలా పరీక్షిస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి. ముసురు పట్టిన వాన వేరు. రెండు రోజులు సన్నగా పడుతుంది, చెల్క దాన్ని తాగుతుంది, మిగిలింది నెమ్మదిగా వాగులోకి చేరుతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యాహ్నం దాకా ఉక్కబోసి సాయంత్రానికి నల్లగా లేచే క్యుములోనింబస్ మబ్బు తీరే వేరు. పన్నెండు పదిహేను కిలోమీటర్ల ఎత్తున నిలబడుతుంది. బంగాళాఖాతం తేమ దానికి తోడైతే ఒకే చోట ఒకటి కురిసి పోగానే వెనకే ఇంకొకటి పుట్టి, అదే జాగాలో గంటల తరబడి కుమ్మరిస్తుంది. మన ప్రాంతపు నేల చూస్తే పైన పలచటి ఎర్రమన్ను, అడుగున గ్రానైటు. ఎండకు గట్టిపడిన ఆ మన్ను గంటకు అయిదారు సెంటీమీటర్ల వానను పీల్చుకోలేదు. అరగంటలో ఒర్రెలు పారతాయి, గంటలో వాగు రోడ్డెక్కుతుంది. ఆరు గంటలలోపే ముంచుకొచ్చే ఇలాంటి వరదనే ఆకస్మిక వరద అంటున్నాం.

ఒక లెక్క చెబుతాను. ఒక చదరపు కిలోమీటరు నేల మీద ఒక సెంటీమీటరు వాన పడితే కోటి లీటర్లు. ఎండాకాలంలో మన కాలనీలకు వచ్చే అయిదు వేల లీటర్ల ట్యాంకర్లతో కొలిస్తే రెండు వేల ట్యాంకర్లు. 2020 అక్టోబరు 13 వానకు సరూర్‌నగర్‌లో దాదాపు 27 సెంటీమీటర్లు నమోదైంది. అంటే ఒక్కో చదరపు కిలోమీటరుకు యాభై నాలుగు వేల ట్యాంకర్ల నీళ్లు. అందులో కొంత చెల్కలో ఇంకే కాలం పోయింది. స్లాబులు, సిమెంటు రోడ్లు, టైల్సు వేసిన వాకిళ్ల మీద దాదాపు అంతా పారుతుంది. నగరపు పాత నాలాలేమో గంటకు రెండు సెంటీమీటర్ల వానకు సరిపోయేలా కట్టినవని ఇంజనీర్లు ఎన్నో ఏళ్లుగా చెబుతూ వస్తున్నారు.

ఆ 2020 వానకు మూలం బంగాళాఖాతంలో పుట్టి 13వ తేదీ ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం. అది తెలంగాణ మీదికి వచ్చేసరికి దాని లోపల ఉరుముల మబ్బులు ఒకదాని వెంట ఒకటి లేచాయి. ఘట్‌కేసర్ దగ్గరి సింగపూర్ టౌన్‌షిప్‌లో 32 సెంటీమీటర్లు దాటింది. 1908లో శంషాబాదు మీద పడిన దానికి ఇంచుమించు సమానం! హస్తినాపురంలో 28 సెంటీమీటర్లు. బేగంపేటలో పడిన 19 సెంటీమీటర్లే అక్టోబరు నెలకు వందేళ్లకు పైగా ఎన్నడూ లేని రికార్డు. బేగంపేట అంకె చూసి నగరం తన వానను అంచనా వేసుకుంటుంది, మనకు పడింది దానికన్నా ఎంతో ఎక్కువ. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర ఇనాంగూడ వద్ద విజయవాడ జాతీయ రహదారి మీదుగా వరద పారి వాహనాలు కొట్టుకుపోయాయి.  నాలుగు రోజులకే, 17వ తేదీ రాత్రి, మళ్లీ కుండపోత; బాలాపూర్ వైపు చెరువు కట్ట తెగి పాతబస్తీలోని కాలనీలు మునిగాయి.

ఆ వారంలో నేను కోదండరాంనగర్ గల్లీల్లో తిరిగాను. నీళ్లు కొంత తీసిన ఇళ్లలో గోడ మీద స్విచ్‌బోర్డు ఎత్తున మట్టిగీత నిలిచి ఉంది. ఫ్రిజ్ తేలి వెళ్లి వంటింటి గుమ్మానికి అడ్డంగా పడింది. బియ్యం బస్తాలు ఉబ్బి పుల్లటి వాసన వేస్తున్నాయి. ఒక ఇంటి మిద్దె మీద దండేనికి పిల్లల పదో తరగతి మెమోలు, ఇంటి కాగితాలు బట్టల క్లిప్పులతో ఆరేసి ఉన్నాయి. సిరా కరిగి కొన్నింటి మీద సంతకాలు నీలిమరకలయ్యాయి. ఆ ఇంటావిడ నన్ను ఒక మాట అడిగింది. "వాన ఆగినంక నీళ్లు పెరిగినయి సారూ, అదెట్ల?" మోకాలి లోతు ఉన్నప్పుడు వాన తగ్గిందని ధైర్యం తెచ్చుకుని, బియ్యం బస్తాను మంచం మీదికి ఎత్తి కూర్చున్నారట. ఆ తర్వాత మంచం కూడా మునిగింది.

ఈ ఉపన్యాసమంతా ఆ తల్లి ప్రశ్నకు జవాబు. ఆమె ఇంటి మీద వాన ఆగింది. ఎగువ చెరువులు అప్పుడే నిండి పొర్లడం మొదలుపెట్టాయి. ఆ నీళ్లు ఒక్కో అలుగూ దాటి, సరూర్‌నగర్ చెరువు నింపి, ఆమె గల్లీకి చేరడానికి గంటలు పట్టింది. ఆ గంటలు ఆమె చేతిలో ఉన్న కాలం. బస్తాలు మిద్దె ఎక్కించవచ్చు, కాగితాలు సంచిలో కట్టుకోవచ్చు, పిల్లల్ని, ముసలివాళ్లని మెట్ట మీద ఉన్న చుట్టాలింటికి పంపవచ్చు. పైన ఏం జరుగుతోందో చెప్పేవాళ్లు లేక ఆ కాలమంతా వట్టిగా పోయింది.

ఒకప్పుడు చెప్పేవాళ్లుండేవారు. నీటిపారుదల శాఖలో నా ఉద్యోగపు తొలి రోజుల్లో ఇబ్రహీంపట్నం వైపు ఒక ఊరి చెరువు చూసుకునే నీరటితో పరిచయమైంది. పెద్ద వయసు, అక్షరం రాదు. వాన పడే రాత్రి ఆయన గొంగడి కప్పుకుని కట్ట మీదే ఉండేవాడు. లాంతరు పట్టుకుని చెరువులోకి వచ్చే నీళ్ల రంగు చూసేవాడు. నీళ్ల మీద గడ్డిపోచలు, ఎండుపేడ గుంపులు గుంపులుగా తేలి వస్తుంటే పై కుంట పొర్లిందని లెక్క. వెంటనే అలుగు మీద రైతులు నాలుగు నీళ్లు ఎక్కువ నిలవాలని పేర్చుకున్న రాళ్లను తీసేయించేవాడు. ఒక పిల్లగాణ్ణి కట్ట దిగి కింది ఊరికి పరుగెత్తమనేవాడు. ఆ ఊళ్లో డప్పు సాటింపు అయ్యేది, పశువులను కొట్టాల్లోంచి విప్పేవారు. కట్టమైసమ్మకు మొక్కడం, నీరటికి ఏటా పంటలో ఇంత గింజలు కొలిచి ఇవ్వడం, ఇవన్నీ కలిసిన ఏర్పాటది. ఆ పిల్లగాడి పరుగు వరద కన్నా ముందు చేరేది. కింది ఊరి ప్రాణాలకు అది చాలు.

ఇంకో పని ఆ రోజుల్లో రైతులు తెలియకుండానే చేసిపెట్టేవారు. చెరువు కింద ఆయకట్టు ఉన్నంతకాలం తూము తీసేవారు. నాట్లు పడ్డాక, పొట్టకొచ్చాక నీళ్లు పొలానికి పోతూనే ఉండేవి. అందువల్ల సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పెద్ద వాన వచ్చేసరికి చెరువులో కొంత ఖాళీ ఉండేది. ఆ ఖాళీయే వరదకు చోటు. కాలనీలు వచ్చాయి, పొలం పోయింది, తూము మూసుకుపోయింది, చెరువులోకి మాత్రం ఇళ్ల మురుగు రోజూ వస్తూనే ఉంది. ఏడాది పొడవునా నిండుగా ఉండే చెరువు చూడటానికి బాగుంటుంది. వరద వచ్చిన రాత్రి అది చెరువు పని చేయదు, పై నుంచి వచ్చిన నీళ్లను వచ్చినట్టే కిందికి తోసేస్తుంది. మన ప్రాంతంలో ఆకస్మిక వరద పెరగడానికి కబ్జాల గురించి అందరూ మాట్లాడతారు, మాట్లాడవలసిందే. తూము మూతపడటం గురించి ఎవరూ మాట్లాడరు. రెండూ సమానమైన కారణాలని నా నమ్మకం. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు రాష్ట్రంలో 46,531 చెరువులను లెక్కగట్టి, పూడిక తీసి, తూములు బాగుచేయాలని పూనుకున్నారు. సాగు కోసం చేసిన ఆ పనిలాంటిది కాలనీల మధ్య ఉన్న చెరువులకు వరద కోసం కావాలి. వాతావరణ శాఖ భారీ వాన అని చెప్పిన రోజునే తూము తీసి రెండడుగులు దించగలగాలి.

కబ్జాల మాట కూడా చెప్పుకుందాం. పది హెక్టార్లకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు వదిలి కట్టుకోవాలని 2012 నాటి భవన నిబంధనలు చెబుతున్నాయి. 2000 ఆగస్టులో బేగంపేట మీద ఒక్కరోజే 24 సెంటీమీటర్లు పడ్డాక నాలాల మీద పెద్ద నివేదిక తయారుచేయించారు. 2003లో కిర్లోస్కర్ సంస్థ ఇచ్చిన ఆ నివేదికను ఆ తర్వాత ప్రతి వరదకూ తలుచుకుంటూనే ఉన్నాం. 2020 తర్వాత వచ్చిన వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమానికి దాదాపు 985 కోట్లు కేటాయించి పెద్ద బాక్స్ డ్రెయిన్లు కడుతూ వచ్చారు. వాటిలో కొన్ని మన ప్రాంతంలోనే ఉన్నాయి, మేలు కూడా చేశాయి. 2024 జులైలో కబ్జాలు తొలగించే హైడ్రా సంస్థ వచ్చింది. ఈ పనులన్నీ జరగాలి. వాటితో పాటు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఎంత పెద్ద డ్రెయిన్ కట్టినా ఇరవై ఏడు సెంటీమీటర్ల వానను అది మోయలేదు. ఆ రాత్రి మనుషులను కాపాడేది ముందుగా అందిన కబురే.

ఇప్పుడు కబురు ఎలా వస్తోంది? బేగంపేట డాప్లర్ రాడార్ మబ్బును చూస్తుంది. రాష్ట్రంలో వెయ్యికి పైబడిన ఆటోమేటిక్ కేంద్రాలు వానను కొలుస్తాయి. పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో జిల్లాల పటం ఫోన్లలోకి వస్తుంది. మన వరద జరిగిన పది రోజులకు, 2020 అక్టోబరు 23న, భారత వాతావరణ శాఖ భారత్ సహా అయిదు దక్షిణాసియా దేశాలకు ఆకస్మిక వరద సూచనల వ్యవస్థను ప్రారంభించింది. నాలుగు కిలోమీటర్ల గడులుగా నేలను విడగొట్టి ఆరు గంటల ముందు ముప్పు చెబుతుంది. గొప్ప ముందడుగే. ఎల్బీనగర్ కూడలి నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా సుమారు ఒక గడి దూరం. కానీ వాన పడిన గడి వేరు, మునిగే గడి వేరు. రంగారెడ్డి జిల్లా అంతటికీ ఎరుపు రంగు వేస్తే కమలానగర్‌లో అద్దెకుండే మనిషికి అందులో తన వంతు ఏమిటో తెలియదు. మీర్‌పేట పెద్దచెరువు పొర్లుతోందని ఒక్క వాక్యం చేరితే తెలుస్తుంది.

ఇలాంటి తేడా ఎంత ఖరీదైనదో 2024 అక్టోబరు 29న స్పెయిన్‌లోని వలెన్సియా ప్రాంతం చూసింది. కొండల దగ్గరి చీవా అనే ఊరిలో ఎనిమిది గంటల్లో 49 సెంటీమీటర్లు కురిసింది. కింద మైదానంలోని పైపోర్తా అనే పట్టణంలో ఆ సాయంత్రం వాన దాదాపు లేదు. జనం అంగళ్లలో ఉన్నారు, పనుల నుంచి ఇంటికి వస్తున్నారు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయి ఉండే వాగు ఒక్కసారిగా వీధుల్లోకి వచ్చింది. ఫోన్లకు ప్రభుత్వ హెచ్చరిక రాత్రి 8 గంటల 11 నిమిషాలకు చేరింది. అప్పటికే వీధులు మునిగి ఉన్నాయి. కింది అంతస్తు గ్యారేజీల్లోంచి కార్లు తీయడానికి దిగినవాళ్లు అక్కడే పోయారు. ఆ ప్రాంతంలో మొత్తం 220 మందికి పైగా చనిపోయారు. రాడార్లు, ఉపగ్రహాలు, డబ్బు, చదువు అన్నీ ఉన్న దేశం అది. 2025 జులై 4 తెల్లవారుజామున అమెరికాలోని టెక్సస్ పల్లెసీమలో గ్వాడలూప్ నది ముప్పావు గంటలో 26 అడుగులు లేచింది, నూటముప్పై మందికి పైగా పోయారు. అక్కడా ఎగువ కబురు దిగువకు సమయానికి చేరలేదన్నదే పెద్ద చర్చ.

మన రాష్ట్రంలోనే చూద్దాం. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్లు పడింది. తెలంగాణలో అంత వాన ఎప్పుడూ నమోదు కాలేదు. భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి జనం మోరంచవాగు ఇళ్లు ముంచేస్తుంటే తెల్లవారుజామున మిద్దెలెక్కి హెలికాప్టర్ల కోసం ఎదురుచూశారు. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి పట్టణంలో కార్లు వీధుల్లో తేలాయి. పల్లెల్లో ఎక్కువ ప్రాణాలు పోయేది వాగు దాటే లోలెవల్ కల్వర్టు దగ్గర. 2021 ఆగస్టులో వికారాబాద్ జిల్లాలో పెళ్లి చేసుకుని ఇంటికి వస్తున్న కొత్త జంట కారు వాగులో కొట్టుకుపోయి పెళ్లికూతురు పోయింది. మన సరూర్‌నగర్‌లో, ఆ పెద్ద వరదకు మూడు వారాల ముందు, 2020 సెప్టెంబరు 20 సాయంత్రం, రోడ్డు మీద పారుతున్న నీళ్లలోంచి స్కూటర్‌తో దాటబోయిన ఒక మనిషి చెరువులోకి కొట్టుకుపోయాడు. ఊరి వాగైనా, కాలనీ రోడ్డైనా చంపే తీరు ఒక్కటే. చీలమండ దాటిన పారే నీళ్లు మనిషి కాళ్లను తప్పిస్తాయి. ఒక అడుగు లోతు చిన్న కారును లేపుతుంది. రెండడుగులుంటే చాలా బండ్లు పోతాయి. వేగం రెట్టింపైతే నీటి తోపు నాలుగు రెట్లవుతుంది. రోజూ ఆ దారిన పోయేవాళ్లకే ఈ ప్రమాదం ఎక్కువ, ఎందుకంటే లోతు తమకు తెలుసని వాళ్ల నమ్మకం. కింద రోడ్డు ఉందో కోసుకుపోయిందో పైనుంచి ఎవరికీ కనపడదు.

దిల్‌సుఖ్‌నగర్‌కే ప్రత్యేకమైన భయం ఒకటుంది, దాన్ని గట్టిగా చెప్పడానికి ఈ సభను వాడుకుంటాను. ఇది కోచింగ్ సెంటర్ల ఊరు. చైతన్యపురి, గడ్డిఅన్నారం, కొత్తపేట గల్లీల్లో హాస్టళ్లు, స్టడీ హాళ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ పల్లెల నుంచి వచ్చిన పిల్లలు గ్రూప్స్‌కూ డీఎస్సీకీ పగలూ రాత్రీ చదువుతుంటారు. 2024 జులై 27న ఢిల్లీ ఓల్డ్ రాజేంద్రనగర్‌లో సెల్లారులో నడుస్తున్న కోచింగ్ సెంటర్ లైబ్రరీలోకి వాననీళ్లు దూకి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. సెల్లారు నిండటానికి నిమిషాలు చాలు. బయట నీళ్లు పెరిగితే తలుపు లోపలి నుంచి తెరుచుకోదు. కరెంటు మీటర్లు కూడా సెల్లారులోనే ఉంటే నీళ్లతో పాటు షాక్ ప్రమాదం. సెల్లారులో చదువుకునే గదులు, వాచ్‌మన్ కుటుంబం పడుకునే గది, ఈ రెండూ మన ప్రాంతంలో ఉండకూడదు. ఈ ఒక్క పనికి ఏ మాస్టర్ ప్లానూ అక్కర్లేదు. బిల్డింగు యజమానులు తలుచుకుంటే వారంలో అయిపోతుంది. 2021 అక్టోబరు 8 రాత్రి లింగోజిగూడలో కొద్ది గంటల్లో 13 సెంటీమీటర్ల మేర కురిసింది. వాయుగుండమే రావాలని లేదు, ఒక సాయంత్రపు ఉరుముల వాన చాలు.

పాలనాపరంగా చిక్కు ఎక్కడుందంటే, చెరువుల గొలుసును కాగితం మీద ముక్కలు చేశాం. 2007లో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం పురపాలికలు గ్రేటర్ హైదరాబాద్‌లో కలిశాయి. మీర్‌పేట, తుర్కయంజాల్, పెద్దఅంబర్‌పేట బయటే ఉండిపోయాయి. పై అలుగు ఒకరిది, కింది నాలా ఇంకొకరిది. 2025 చివర్లో ఔటర్ రింగ్ రోడ్డు దాకా 27 పురపాలికలను నగరంలో కలిపారు. ఆ పైన చాలా ఊళ్లు ఇంకా పంచాయతీలే. నీళ్లకు ఈ హద్దులతో పని లేదు కాబట్టి హెచ్చరికకు కూడా ఉండకూడదు. డివిజన్ వారీగా, మండలం వారీగా చెప్పే కబురుతో పాటు గొలుసు వారీగా చెప్పే కబురు కావాలని నా ప్రతిపాదన. గొలుసులోని ప్రతి అలుగు దగ్గరా రంగులు వేసిన ఒక స్కేలు రాయి, రాత్రి కూడా కనపడేలా. నీళ్లు ఏ గీత దాటితే కింద ఏ కాలనీకి చెప్పాలో ముందే రాసుకున్న పట్టిక. అలుగును చూసే బాధ్యత గల ఒక మనిషి, నెల జీతంతో. నీరటికి గింజలు కొలిచిన ఊళ్లు మనవి, నగరం ఒక జీతం ఇవ్వలేదా? కెమెరాలు, సెన్సార్లు పెట్టండి, నేను కాదనను. కరెంటు పోయిన ఆ రాత్రి పనిచేసేది కట్ట మీద గొడుగు పట్టుకుని నిలబడిన మనిషి, అతని ఫోను.

వచ్చేది అక్టోబరు. ఇంజనీరింగ్ విద్యార్థులు ఇక్కడ చాలామంది ఉన్నారు. మీ ప్రాజెక్టుల కోసం దూరం వెతుక్కోవద్దు. సరూర్‌నగర్ చెరువు అలుగు దగ్గర మొదలుపెట్టి, లెవెల్ పట్టుకుని, నీళ్లకు ఎదురుగా నడవండి. ఒక అలుగు నుంచి ఇంకో అలుగుకు ఎంత దూరం, ఎంత వాలు, నీళ్లు చేరడానికి ఎన్ని నిమిషాలు, దారిలో ఎక్కడ ఏ గోడ అడ్డముంది, ఎక్కడ పైపు సన్నగిల్లింది, గుర్తించి పటం గీయండి. ఒక వాన పడిన రాత్రి మీ లెక్కను సరిచూసుకోండి, గట్టు మీద నిలబడి, నీళ్లలో దిగకుండా. ఆ పటం కాలనీ సంఘాల నోటీసుబోర్డుల మీద ఉండాలి, అద్దెకు వచ్చిన కొత్త కుటుంబానికి ఇంటి తాళంతో పాటు ఇవ్వాలి. మొదట మీర్‌పేట, సరూర్‌నగర్, చైతన్యపురి గొలుసు తీసుకుందాం. ఎగువ కాలనీల సంఘాల పెద్దలు కొందరు, కోదండరాంనగర్, కమలానగర్ వాళ్లు కొందరు ఈ సభలోనే ఉన్నారు. వందన సమర్పణ అయ్యాక వెళ్లిపోకుండా కాసేపు ఆగండి, ఎవరు ఏ అలుగు చూస్తారో, ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ఇవాళే రాసుకుందాం.